అండాలమ్మ లెక్క తప్పలేదు

పన్నెండేళ్లు ఒక అబద్ధం మోశాను. దానికి నిజంగానే బరువుంది. దేవరకొండలో నా రిపేరు కొట్టులో, పని బల్ల కింద, నూనె గుడ్డల అడుగున ఒక రేకు డబ్బా ఉండేది. అందులో కాలిపోయిన ఆర్మేచర్, అంటే బండికి కరెంటు పుట్టించే డైనమో లోపల తిరిగే భాగం. గుప్పెడు ఇనుము, దాని చుట్టూ నల్లబడ్డ రాగి తీగ, అంతే. అయినా కొట్టు ఊడ్చేటప్పుడు ఆ డబ్బాను ఒక్కసారి కూడా జరపలేదు. దాని చుట్టూ ఊడ్చేవాణ్ని.

నా పేరు మీకు అక్కర్లేదు. ఆమె పేరు కావాలి. అండాలమ్మ. మా ఊరి నేతగాళ్ల వాడలో ఉంటుంది.

అప్పటికే ఆమె భర్తకు దగ్గు జబ్బు ముదిరింది, మగ్గం ఎక్కలేడు. ఆమె రాట్నం ముందు కూర్చుని వేరేవాళ్ల మగ్గాలకు నూలు కండెలు చుట్టి ఇల్లు నడిపేది. ఆ చేతుల వేగం చూసి నాకే ఒక ఆలోచన వచ్చింది. ఈ కథలో నేను చేసిన మంచి పని ఇదొక్కటే, చెప్పుకోనివ్వండి. ఆ రోజుల్లో డైనమో కాలితే హైదరాబాదు పంపాలి, తిరిగి వచ్చేసరికి నెల. నూలు చుట్టే చెయ్యి రాగి తీగ చుట్టలేదా? ఒక పాడైన ఆర్మేచర్ తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఆమె తీగను ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ విప్పింది. పది చుట్లకొక చింతగింజ పక్కన పెట్టింది. ఇనుములోని ఏ గాడికి ఎన్ని గింజలో చూసుకుని, అదే లెక్కతో కొత్త తీగ చుట్టి, పైన లక్క పూసింది. జీపుకు బిగించాను. దీపం భగ్గున వెలిగింది. ఆ తర్వాత ఇంకో రెండు చుట్టింది. ఒక్కటీ తిరిగి రాలేదు.

అప్పుడే మా పశువుల డాక్టరు ఒక మోటారు సైకిలు కొన్నాడు. యుద్ధకాలపు ఇంగ్లీషు బండి. ఎవరో దొర వేలంలో కొని కొట్టంలో పడేస్తే ఏళ్ల తరబడి దాని ట్యాంకు మీద కోళ్లు పడుకున్నాయి. ముందు దీపానికి ఇంకా యుద్ధంలో విమానాలకు కనబడకుండా వేసిన నల్ల ముసుగు ఉంది, సన్నటి చీలికలోంచి తప్ప వెలుతురు రాదు. డాక్టరేమో గొల్లల గూడేలు తిరిగి గొర్రెలకు మందులు వేసి పొద్దు గుంకాక వచ్చే మనిషి. “దీపమొక్కటి మంచిగ చెయ్యి, మిగిలింది నేను సూసుకుంట,” అన్నాడు.

నెల రోజులు పట్టింది. పాత తీగల మీది గుడ్డ ముట్టుకుంటే రాలిపోయేది, అన్నీ పీకి కొత్తవి లాగాను. పెద్ద దీపం, కొత్త బ్యాటరీ, బ్యాటరీలోకి కరెంటు వస్తే ముందుకూ పోతే వెనక్కీ ముల్లు తిరిగే ఒక మీటరు పెట్టాను. డైనమో లోపలి తీగను ఎలుకలు కొరికాయి. దాన్ని అండాలమ్మ చుట్టింది. డాక్టరు ఆమెకు మాటిచ్చాడు. ఈ దీపం నిలిస్తే బ్లాకు ఆఫీసులో చెప్పి, వాళ్ల జీపుల పనీ, అప్పుడప్పుడే వస్తున్న నీళ్ల మోటర్ల పనీ ఆమెకే ఇప్పిస్తానని. ఆ రోజు ఆమె ముఖం నాకు గుర్తుంది. కండెల కూలితో ఎన్నాళ్లు బతుకుతుంది, మీరే చెప్పండి.

ఇప్పుడు నా తప్పు. బ్యాటరీకి రెండు కొసలుంటాయి, ఒకటి బండి ఇనుముకు కలపాలి. నేను పని నేర్చింది అమెరికా మిలిటరీ లారీల మీద. వాటికి మైనస్ కొస ఇనుముకు పోతుంది. ఈ ఇంగ్లీషు బండికి ప్లస్ పోవాలి. తీగ కలిపే బోల్టు దగ్గర ప్లస్ అని గుర్తుకోసం ఎర్ర రంగు చుక్క కూడా పెట్టి ఉంది. పాత రంగేమో అనుకుని గీకి పారేశాను. దీపం వేసి చూస్తే మీటరు ముల్లు వెనక్కి తిరగాల్సింది ముందుకు తిరిగింది. మీటరే తప్పు చెబుతోంది అనుకున్నాను! దాని వెనక తీగలు రెండూ అటుదిటు మార్చాను. ముల్లు నేను చెప్పినట్టు తిరిగింది. మురిసిపోయాను, గాడిదను.

ఆదివారం అంగడి రోజు. మధ్యాహ్నానికి డాక్టరూ ఒక గొల్లాయనా బండిని తోసుకుంటూ వచ్చారు. ఊరు దాటేలోపే పొగ వచ్చిందట. కొట్టు ముందు జనం మూగారు. దీపం చూద్దామని వచ్చిన అండాలమ్మ కూడా అక్కడే ఉంది. డైనమో విప్పాను. కాలిన వాసన. తల ఎత్తేసరికి నేను గీకిన బోల్టు కనబడింది. అంతా అర్థమైంది. కొసలు తారుమారై బ్యాటరీ కరెంటే డైనమోను కాల్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, తెలియక అన్న మాట కాదు నాది.

“ఏమైందయ్యా మిస్త్రీ?” అని డాక్టరు అడిగాడు.

“చుట్టుడు తప్పింది సార్,” అన్నాను.

అండాలమ్మ ముందుకొచ్చి ఆర్మేచర్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. “చుట్టుడు తప్పైతే ఒక్క జాగల కాల్తది తమ్మీ. గిది సుట్టూత ఒక్కతీర్గ కాలింది. నేను లెక్క తప్పలే. నువ్వు జర బ్యాటరీ సూడు.”

“కరెంటు సంగతి నీకేం ఎరుకక్కా? పోయి కండెలు సుట్టుకో.”

జనం గొల్లున నవ్వారు. ఆమె కొంగు ముడి విప్పి, అందులో దాచిన ఈ ఆర్మేచర్ లెక్క చింతగింజలు నా బల్ల మీద పోసింది. “లెక్క నీ తాన్నే ఉండనియ్,” అని వెళ్లిపోయింది.

ఎందుకన్నాను ఆ మాట? కోపమా? ఆమె మీద నాకు కోపమెందుకు? ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా తప్పు ఆమె మీద పెట్టాననుకుంటే సరిపోదు. ఆమె చెప్పింది నిజమని తెలిసి, అందరి ముందు ఒక కండెలు చుట్టే ఆడమనిషి నాకు పని నేర్పిందని అనిపించుకోవడం కన్నా ఆమె నోటి కూడు పోవడమే నయమని ఆ రెండు నిమిషాల్లో ఎంచుకున్నాను, అంత నీచంగా ఎంచుకున్నాను. సిగ్గేస్తోంది రాస్తుంటే.

తర్వాత హైదరాబాదు నుంచి ఆర్మేచర్ తెప్పించాను. చడీచప్పుడు లేకుండా బ్యాటరీ కొసలూ మార్చాను, మీటరు తీగలూ మార్చాను. దీపం మహా బాగా వెలిగింది. పట్నం పని పట్నం పనే అని డాక్టరు మెచ్చుకున్నాడు, నేను తలూపాను. బ్లాకు పని పట్నం మనిషికి పోయింది. అండాలమ్మకు ఎవరూ తీగ ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురు ఇద్దామనుకున్నా, ‘వద్దయ్యా, కాలుస్తది’ అని ఆపినవాళ్లున్నారు. కొట్లో ఎవరైనా మోటరు కాలిందంటే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా కాలు బల్ల కింద డబ్బాను వెతుక్కునేది. ఎందుకు పారేయలేదో ఇప్పటికీ తెలియదు. బావులకేం తక్కువ మా ఊళ్లో?

ఈ వానాకాలం అదే బండి మళ్లీ వచ్చింది. పింఛనుకు దగ్గరపడ్డ డాక్టరు, మరోసారి కొత్తగా చెయ్యమన్నాడు. రంగు గీకుతూ గీకుతూ ఆ బోల్టు దగ్గర ఆగిపోయాను. వెళ్లి డబ్బా బయటికి లాగాను. ఆమె గింజలు కూడా అందులోనే ఉన్నాయి. కాలిన తీగను ముక్కముక్కగా విప్పుతూ, పది చుట్లకొక గింజ పెడుతూ లెక్కపెట్టాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. ఆమె పోసిన గింజలు సరిగ్గా సరిపోయాయి. ఏ గాడిలోనూ ఒక్క చుట్టు ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె జుట్టు నెరిసింది. రాట్నం ఆపలేదు. కూర్చోమనలేదు.

“నేను లెక్క తప్పలేదని నాకు ఎర్కే. ఎర్కున్నది మల్ల నాకే చెప్తవేంది?” అంది. “గా దినం ఇన్నోళ్లకు చెప్పు, పో.”

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగే మొహం ఉండాలి కదా.

మొన్న ఆదివారం అంగడి రోజు, డాక్టరు బండికోసం కొట్టుకు వచ్చినప్పుడు, జనం ఉండగానే చెప్పాను. రెండుసార్లు ఆగాను, అయినా మొత్తం చెప్పాను. బోల్టు దగ్గర నేను మళ్లీ పెట్టిన ఎర్ర చుక్క చూపించాను. డాక్టరు వంగి దాన్ని చూసి, “పన్నెండేండ్లా?” అన్నాడు. బండి ఎక్కి వెళ్లిపోయాడు. ఎవడో నవ్వాడు. ఎవడో ఉమ్మేశాడు. నాకు మాత్రం ఊపిరి కడుపుదాకా పోయింది, ఎన్నాళ్లకో.

అప్పుడు వెనక నుంచి ఒక రైతు ముందుకొచ్చాడు. అతని ఎడ్లబండిలో కాలిన నీళ్ల మోటరు ఉంది. పొలం ఎండుతోందట.

“గా అమ్మ యాడుంటది?” అన్నాడు.

చేతులు తుడుచుకుని రోడ్డు మీదికి వచ్చాను. “మసీదు దాటినంక ఎడమ చేతికి తిరుగు. రాట్నం సప్పుడు ఇనొస్తది. అండాలమ్మ ఇల్లేదని అడుగు, అందరు చెప్తరు.”

ఆమె ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. నేను వెంట వెళ్లలేదు. ఎడ్లబండి మసీదు దాటి ఎడమకు తిరిగేదాకా చూశాను. లోపలికి వచ్చి, చీపురు తీసుకుని, బల్ల కింద ఊడ్చాను.