మియెన్ చేతి బోణీ

సాయంత్రం నాలుగున్నరకి తామ్ బాక్ ఏటి పక్క వీధుల్లో పొయ్యిలు రాజుకునే వేళ, తిండి బళ్ళవాళ్ళందరూ ఆరేళ్ళపాటు ఒకే మనిషి దారి చూశారు. ఆ మనిషి పేరు మియెన్. యాభై మూడేళ్ళుంటాయి. పొట్టిగా, దిట్టంగా, నీళ్ళు నిండిన బిందెలా నడుస్తుంది. చేతిలో ఎప్పుడూ ఎర్ర గొడుగు. అది వానకి కాదు, వెనక వచ్చే జనానికి గుర్తు. హనోయ్ నుంచి మధ్యాహ్నం రైల్లో హైఫాంగ్‌లో దిగి, ఊరంతా తిని, ఏడింటి లోపు మళ్ళీ రైలెక్కేసే వాళ్ళని వీధివీధికీ తిప్పి తినిపించడం ఆవిడ పని.

ఈ పనిలోకి ఆవిడ దరఖాస్తు పెట్టుకుని రాలేదు. అప్పట్లో స్టేషను దగ్గర లాటరీ టికెట్లు అమ్మేది. ఒకనాడు నలుగురు ఆడవాళ్ళు కాగితం మీద గీసిన పటం పట్టుకుని, పీతల పులుసు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. పటం చూసి, "ఇది గీసినవాడికి ఈ ఊరితో పాత పగేదో ఉంది" అని చెప్పి, టికెట్ల పెట్టె చంకన పెట్టుకుని తనే తీసుకెళ్ళింది. ఆ రోజు ఒక్క టికెట్టూ అమ్ముడుపోలేదు. మర్నాటి నుంచి అమ్మే అవసరమూ లేకపోయింది. మొగుడు సరుకు ఓడ మీద వంటవాడు, ఆర్నెల్లకోసారి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడు కూడా వంట ఆయనే చేస్తాడు. ఊళ్ళో ఇన్ని పొయ్యిలుండగా ఇంట్లో ఇంకొకటెందుకని మియెన్ వాదన.

ఊళ్ళోవాళ్ళు తినడానికి బయటికొచ్చేది ఆరున్నర తర్వాత. మియెన్ బృందానికి రైలు తొందర. అంచేత ప్రతి బండి దగ్గరా బోణీ ఆవిడదే. మొదటి బేరం ఎవరి చేతి మీద జరిగితే రోజంతా వాళ్ళ హస్తవాసి మీదే నడుస్తుంది కదా. మియెన్ హస్తవాసి అలాంటిలాంటిది కాదు. ఆవిడ బోణీ చేసిన రోజున గిన్నెలు కడగడానికి నీళ్ళు తోడీ తోడీ ఏటి మట్టం రెండంగుళాలు తగ్గేదని చెప్పుకునేవాళ్ళు. కారం రొట్టెల తోవాన్ అయితే, ఒకసారి జనం ఎగబడి రొట్టెలన్నీ అయిపోయాక, వాటిని చుట్టే కాగితాలు కూడా కొనుక్కుపోయారని ప్రమాణం చేసేవాడు. తోవాన్ ప్రమాణాలకి ఆ వీధిలో పెద్ద విలువ లేదు గానీ, మర్నాడు అతని దగ్గర కాగితాలు లేని మాట నిజం.

ఇంత పేరూ మూడు రోజుల్లో పోయింది.

మొదటి రోజు పీతల పులుసు అమ్మే లువా దగ్గర బోణీ చేసి ఇలా లేచిందో లేదో, వాన. మామూలు వాన కాదు, ఏట్లో చేపలు పొరపాటున వీధిలోకి వచ్చి దారి అడిగేంత వాన. లువా కుండ నిండుగా అలాగే మిగిలిపోయింది. రెండో రోజు తోవాన్ బొగ్గులు ఎంత విసిరినా రాజుకోలేదు. మూడో రోజు కొబ్బరిపాల బండి దగ్గర ఐసుపెట్టె పగిలి, ఐసంతా మురిక్కాలవ పాలైంది. నాలుగో రోజు సాయంత్రం మియెన్ తన వాళ్ళని తీసుకుని వీధి మలుపు తిరుగుతూ ఎందుకో వెనక్కి చూసింది. లువా పాత పేపరు చుట్టకి నిప్పంటించి బండి చుట్టూ తిప్పుతోంది. చెడ్డ బోణీ చేసిపోయిన వాళ్ళ వెనక తిప్పే మంట అది. మియెన్ గొడుగు ఇంకాస్త ఎత్తి పట్టుకుని ముందుకి నడిచింది. ఆ రాత్రి చెయ్యి కడుక్కుంటూ అరచెయ్యి వంక కాసేపు చూసుకుంది. ఎప్పటి చెయ్యే.

తర్వాతి శనివారం పదకొండు మంది దిగారు. అందరూ హనోయ్‌లో ఒకే సందులో ఉండేవాళ్ళు. వాళ్ళకి పెద్ద విన్ మాస్టారు. భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ప్రతి వీధిలోనూ ఉత్తరం ఎటో వేలెత్తి చూపించేవాడు.

తోవాన్ వాళ్ళని దూరం నుంచే చూసి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"కాస్త ఆగు మియెన్. ఎవరైనా ఒక్కరు కొననీ, తర్వాత మీవాళ్ళకి వేస్తా."

"ఈ టైముకి ఎవరు కొంటారయ్యా, మీ అత్తగారా?"

"ఆవిడ కొన్నా ఫర్లేదు. నువ్వు మాత్రం వద్దు. తప్పుగా అనుకోకు."

"ఇంతకంటే ఒప్పుగా ఎలా అనుకోమంటావ్?"

పదకొండు మందీ వేలంత సన్నటి రొట్టెల వంక చూస్తూ నిలబడ్డారు. కాలిన పిండి వాసన, దాని మీద రాసిన కారం వాసన ముక్కుకి తగులుతున్నాయి. మియెన్ ఎంతోసేపు ఆలోచించలేదు. కొత్త సంవత్సరం తొలి పొద్దున గడపలో ఎవరిచేత మొదటి అడుగు వేయించాలో ఇంటింటా పుట్టిన సంవత్సరాలు సరిచూసుకునే ఊరది. అక్కడ ఒక్కో ఏడాదికీ ఒక్కో జంతువు పేరు; ఆ జంతువుల్లో కొన్నిటికి పొత్తు, కొన్నిటికి పగ.

"నీది పంది సంవత్సరం కదూ, తోవాన్?" అని అడిగి ఇటు తిరిగింది. "మీలో పిల్లి సంవత్సరంలో పుట్టినవాళ్ళెవరు? మేకైనా ఫర్లేదు!"

ఒకావిడ భయం భయంగా చెయ్యెత్తింది. "పిల్లండీ. ఏం, నేనేమైనా తినకూడదా?"

"మీరే ముందు తినాలి. రండి, డబ్బు మీ చేత్తో ఇవ్వండి. ఇదిగో తోవాన్, పందికి పిల్లిని తెచ్చా. ఇంకేమైనా వంక ఉందా?"

తోవాన్ డబ్బు తీసుకుని రొట్టెలు చుట్టిచ్చాడు. కొబ్బరిపాల ఆవిడది కోడి సంవత్సరం. ఆవిడకి బృందంలోని పాము సంవత్సరపు ఇంజినీరు చేత బోణీ చేయించింది. విన్ మాస్టారు మాత్రం నొచ్చుకున్నాడు.

"నాది కోతండీ. కోతికి ఈ ఊళ్ళో ఎక్కడా పనిలేదా?"

"ఓపిక పట్టండి మాస్టారూ."

ఐదున్నర అయింది. మిగిలింది లువా బండి. అంతవరకూ తిన్నవన్నీ చిరుతిళ్ళే. పీతల పులుసు తినకుండా రైలెక్కితే హైఫాంగ్ వచ్చినట్టే కాదు. పదకొండు మంది పరాయివాళ్ళ ముందు లువా కాదంటే, రేపు వీధి వీధంతా కాదంటుంది. ఎల్లుండి ఎర్ర గొడుగు మేకుకి తగిలించుకోవాల్సిందే. నడుస్తూనే మియెన్ లెక్క వేసుకుంది. లువాది పులి. పులికి గుర్రం కావాలి, లేదా కుక్క కావాలి. బృందంలో మిగిలినవాళ్ళు ఇద్దరు ఎలకలు, ముగ్గురు దున్నలు, ఒక డ్రాగన్, ఇద్దరు కోళ్ళు, ఒక కోతి. గుర్రం లేదు. కుక్కా లేదు.

లువా అరవై దాటిన మనిషి, గరిటె పట్టుకుంటే సేనాపతిలా ఉంటుంది. కుండలో పులుసు అప్పుడే పొంగుతోంది, పైన పీతల గుజ్జు తెట్టెలా కట్టి ఉంది.

"నువ్వా?" అంది లువా.

"నేనే అక్కా. పదకొండు మంది. నాతో కలిపి పన్నెండు గిన్నెలు."

"ఆరున్నర దాటాక రా."

"ఏడింటి లోపు రైలక్కా."

"అయితే రైల్లో తినమను."

విన్ మాస్టారు గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "అమ్మా, నేను కొంటాను. నాది కోతి సంవత్సరం."

లువా గరిటె కుండ అంచుకి టంగున తగిలింది. పులికి కోతంటే పడదు, బద్ధ విరోధం. "పోయిన వారం వాన చాలలేదని ఈసారి కోతిని వెంటబెట్టుకొచ్చావా!"

"ఆయన మాస్టారక్కా."

"మాస్టారైతే కోతి కాకుండా పోతాడా? నా బండికి నాలుగడుగుల దూరంలో నిలబెట్టు ఆయన్ని!"

మాస్టారు నాలుగడుగులు లెక్కపెట్టి మరీ వెనక్కి వెళ్ళాడు. పక్క బళ్ళవాళ్ళు చేస్తున్న పని ఆపి చూస్తున్నారు. మియెన్ గొడుగు ముడిచింది. నిజంగానే తన చెయ్యి బరువెక్కిందా? ఈవిడ అంతగా నమ్ముతోందంటే ఏదో ఉండే ఉంటుందా? ఆ అనుమానం పొంగుతున్న పులుసులో ఒక్క బుడగ లేచి పగిలినంతసేపు ఉంది. అంతే.

"అక్కా, ఒక్క మాట చెప్పు. బోణీ చెడ్డదైతే ఏం పాడవుతుంది?"

"తెలీనట్టు అడుగుతావే? తర్వాతి బేరాలన్నీ పాడవుతాయి."

"తర్వాత బేరమే లేకపోతే?"

"అంటే?"

"ఈ కుండ మొత్తం నేనే కొంటున్నా. బోణీ నాదే, ఆఖరి బేరమూ నాదే. మధ్యలో పాడవడానికి ఇంకేం మిగిలింది?"

లువా కుండలోకి చూసింది. ఆకాశంలోకి చూసింది. ఈ మాటలో ఎక్కడో చిల్లుందని ఆవిడకి తెలుస్తోంది గానీ, ఆ చిల్లు ఎక్కడో దొరకడంలేదు. "డెబ్భై గిన్నెలు పడతాయి. ఏం చేసుకుంటావ్?"

"స్నానం చేస్తా. నీకెందుకు?"

పదకొండు మంది దగ్గర తీసుకున్న డబ్బూ, సంచి అడుగున మడిచి పెట్టుకున్నదీ అంతా తీసింది. లువా చెయ్యి చాపలేదు.

"నా చేతికివ్వకు. ఆ స్టూలు మీద పెట్టు."

స్టూలు మీద పెట్టింది. లువా దాని మీద ఒక గిన్నె బోర్లించి, వెడల్పాటి గోధుమరంగు సేమ్యా నీళ్ళలో ముంచడం మొదలుపెట్టింది. పన్నెండు గిన్నెలు వచ్చాయి. పీతల గుజ్జు, ఆకులో చుట్టి వేయించిన మాంసం, పైన వేగిన ఉల్లిపాయ. విన్ మాస్టారు నాలుగడుగుల దూరంలోనే కూర్చుని గిన్నె ఎత్తి చివరి చుక్కదాకా తాగాడు. ఉత్తరం ఎటో మర్చిపోయాడు. తర్వాత మెల్లిగా అడిగాడు:

"అమ్మా, మిగతావి కూడా మేమే తినాలా?"

"మీరెందుకు తింటారు మాస్టారూ? మీరు మోస్తారు."

మియెన్ ఇంకో ప్లాస్టిక్ స్టూలు ఎక్కింది. బిన్ రేవులో వంతెన లేని రోజుల్లో ఆవిడ అక్కడ పడవ టికెట్లు చింపేది. రేవులో "ఆగండి" అని అరిస్తే అవతలి ఒడ్డున దిగబోయేవాడు కూడా కాలు గాల్లో ఉంచి ఆగిపోయేవాడట. వంతెన వచ్చాక పడవలు ఆగిపోయాయి, ఉద్యోగం పోయింది. గొంతు ఎక్కడికీ పోలేదు.

"రండి! రండి! ఈ రోజు పులుసు లువాది కాదు, నాది! ఈ ఒక్క సాయంత్రమే నాది! ఏడు కొట్టేసరికి కుండ బోర్లిస్తా, తర్వాత ఏడ్చినా దొరకదు!"

కుట్టుపని కొట్లోంచి ఇద్దరు తల బయట పెట్టారు. మోటారు బళ్ళు ఆగాయి. పులుసు లువాది కాకపోవడమేమిటో చూద్దామని కొందరు వచ్చారు, ఎవరో దెబ్బలాడుకుంటున్నారని కొందరు వచ్చారు. వచ్చినవాళ్ళు వాసనకి కూర్చున్నారు. పిల్లి ఆవిడ గిన్నెలు కడిగింది, పాము ఇంజినీరు చిల్లర ఇచ్చాడు. విన్ మాస్టారు భుజాన తువ్వాలేసుకుని, ఒక్కో గిన్నె రెండు చేతులా పట్టుకెళ్ళి, "దయచేసి స్వీకరించండి" అని అందించడం మొదలుపెట్టాడు.

ఓడరేవు కూలీ ఒకతను పకపకా నవ్వాడు. "ఏంటి మాస్టారూ, పులుసు ఇస్తున్నారా, పట్టా ఇస్తున్నారా?"

"నువ్వు ముందు పాసవ్వు నాయనా, తర్వాత చూద్దాం."

లువా వడ్డిస్తూనే ఉంది. వడ్డించే తొందరలో, ఎప్పుడు జరిగిందో ఏమో, మాస్టారు ఆవిడ మోచేతి పక్కనే నిలబడి ఉన్నాడు. "ఆ కోతి మాస్టారికి ఇంకో రెండివ్వు, చురుగ్గా తిరుగుతున్నాడు" అంది మియెన్‌తో. ఆరుం పావుకి గరిటె అడుగు తగిలింది. ఆరున్నరకి కుండ వంచి ఆఖరి గిన్నె నింపింది.

అప్పుడు వచ్చారు రోజూ వచ్చేవాళ్ళు. "ఇదేంటి లువా, ఈ వేళకే కుండ బోర్లించావ్?" అని ఒకాయన. "నీ బండిని నమ్ముకుని ఇంట్లో వండలేదే తల్లీ" అని ఒకావిడ. అరవై ఏళ్ళ జీవితంలో పులుసు అయిపోయినందుకు తిట్లు తినడం లువాకి అదే మొదలు. తింటున్నకొద్దీ ఆవిడ మొహం వెలిగిపోయింది. పక్క బండి నుంచి తోవాన్ కూడా వచ్చి ఖాళీ కుండలోకి తొంగి చూసి, ఏదో ప్రమాణం చేయబోయి మానుకున్నాడు.

మియెన్ గొడుగు తెరిచి తన వాళ్ళని లెక్కపెట్టుకుంటోంది. లువా కాగితంతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఏమే, నిజం చెప్పు. ఇది నీ హస్తవాసా, నీ గొంతా?"

"నాకేం తెలుసక్కా? తేల్చుకుందామంటే రేపు నాలుగున్నరకి పొయ్యి వెలిగించు. నోరు మూసుకుని ఒక్క గిన్నె కొనుక్కుని పోతా. ఏమవుతుందో చూద్దాం."

లువా ఖాళీ కుండ వంక తిరిగి చూసింది. విన్ మాస్టారు తువ్వాలు విప్పి మడిచి స్టూలు మీద పెట్టాడు. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది.

"వద్దులే" అంది లువా చివరికి. "ఇప్పుడు అవన్నీ తేల్చుకోవడం దేనికి? ఎలా వచ్చేదానివి అలాగే రా, బోణీ నువ్వే చెయ్యి. ఎందుకైనా మంచిది, కొనేటప్పుడు కాస్త అరుస్తూ కొను."