తొమ్మిది రంజాన్‌ల గిన్నె

మా కల్లూరు సందులో ఏడాదంతా ఏదో ఒక పండుగే. ఉగాదికి ఎద్దుల బండ్లు బురద తొక్కుతూ గుడి చుట్టూ తిరుగుతుంటే, చూడటానికి సగం కర్నూలు ఇక్కడే ఉంటుంది. చవితి అయిపోతే వినాయకులంతా కాలువకు పోతారు. పీర్ల పండుగ, దసరా, క్రిస్మస్, పండుగ ఎవరిదైనా గిన్నెలు మాత్రం ఇల్లిల్లూ తిరుగుతాయి. నేను ఉండ్రాళ్లు తీసుకుపోతే, పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆమె గడపలోనే నిలబడి నోట్లో వేసుకునేది.

రంజాన్‌కు ఆమె పాలల్లో సేమ్యా, ఖర్జూరం వేసి చేసే షీర్ ఖుర్మా తెచ్చేది. మూత తీస్తే నెయ్యి వాసన ఇల్లంతా కమ్ముకునేది. నేను తినేదాన్ని కాదు. మాది నీసు ముట్టని ఇల్లు. మాంసం వండిన గిన్నెలో చేసి ఉంటుందని, ఆమె అటు పోగానే మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు ఇచ్చేసేదాన్ని. సాయంత్రం గిన్నె కడిగి, వట్టిగా ఇవ్వకూడదని ఇంత శనగపప్పు పోసి, "శానా బాగుండాది" అని ఇచ్చేదాన్ని. ఎవరినీ నొప్పించకుండా నెట్టుకొస్తున్నానని నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అట్లా ఎనిమిదేండ్లు గడిచాక, తొమ్మిదో రంజాన్‌కు గిన్నె తిరిగి ఇస్తుంటే అడిగింది.

"ఎట్లుండాది వదినా?"

ప్రతిసారీ అదే మాటంటే నమ్మదేమోనని ఇంకో ముక్క చేర్చాను. "శానా బాగుండాది మే. చక్కెరే ఒక్క రవ్వ ఎక్కువైంది."

గిన్నె అందుకోబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అన్నకు షుగర్ గదా అని మీకు వేరేగా చేసినా వదినా. దాంట్లో చక్కెరే వెయ్యలేదు."

"ఖర్జూరం తీపేమో మే..." అని నసిగాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎన్నేండ్ల నుంచి వదినా?"

నేను గిన్నె ఆమె చేతిలో పెట్టాను.

"మీకు చేసేదానికని ఈ గిన్నె విడిగా పెట్టుకున్నా. దీంట్లో మాంసం ఏనాడూ వండలేదు. ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని గదా" అని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి రంజాన్‌కు గిన్నె రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి నేనే వాళ్లింటికి పోయాను, అక్కడే కూర్చుని తినాలని. కోడుమూరు నుంచి వచ్చిన చుట్టాలు కింద కూర్చుని భోంచేస్తున్నారు. ఆమె నవ్వుతూనే కుర్చీ వేసింది. లోపలికి పోయి, అంగట్లో కొన్న నీళ్ల సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వస్తావేమోనని తెప్పించి పెట్టినా వదినా. చూడు, మూత గూడా తీయలేదు."

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నాకు ఇబ్బంది కాకూడదని తెప్పించింది. నాకూ ఇంత షీర్ ఖుర్మా పెట్టమని ఆ చుట్టాలందరి ముందూ ఏ నోటితో అడగను? మూత తిప్పి ఆ నీళ్లే తాగి వచ్చాను.