ఆంప్లిఫయర్ కాలింది, మామ మీద పడింది

మా నాన్న ఒగ్గు కథ చెబుతాడు. మా ఊరు పెద్దేముల్ దగ్గర. పగలు గొర్ల వెంట తిరుగుతాడు, పిలిచిన ఊరికి పోయి కథ చెబుతాడు. ఆయన కథకు డోలు మా మేనమామది. అమ్మకు తమ్ముడు, ఉండేది ధారూర్ దగ్గర. నాన్న గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో ముఖం చూడకుండానే తెలిసిన మనిషి. చాలా ఏళ్లు వాళ్లకు మైకు అవసరమే రాలేదు. ఇప్పుడు పక్క గల్లీలో డీజే మోగుతుంటే ఒట్టి గొంతు ఎవరికి వినిపిస్తుంది? అందుకని ఒక పాత ఆంప్లిఫయర్, రెండు సౌండు బాక్సులు కొన్నారు. వైర్లు కలిపే పని మామ తన మీద వేసుకున్నాడు. ఎలుకలు కొరికిన చోటల్లా టేపు చుట్టి, సొంత డోలు కంటే భద్రంగా చూసుకునేవాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒకసారి ఒక బాక్సు మూగబోతే ఆంప్లిఫయర్‌ను తాండూరులో ఒక రిపేరు దుకాణంలో ఇచ్చి బాగు చేయించారు. పీడ అక్కడే పట్టుకుంది. అప్పట్నుంచి కథ మంచి పట్టు మీద ఉండగా బాక్సులోంచి బర్రుమని మోత, కాలిన వాసన, ఆ వెనక ఏమీ లేదు. మళ్లీ దుకాణం, మళ్లీ కొత్త ట్రాన్సిస్టర్లు, మళ్లీ కాలడం. దుకాణం అతను ప్రతిసారీ ఒకే మాట అనేవాడట.

“మిషిన్ల ఏం లేదు. మీరే వైర్లు ఒకదానికొకటి తగిలిస్తున్రు. గొర్లు కాసెటోళ్లకు గీ మిషిన్లు ఎందుకయ్యా? ఇంతకూ వైర్లు కలిపేది ఎవరు?”

నాన్న మామ పేరు చెప్పాడు.

కొడంగల్ వైపు ఒక ఊళ్లో కథ పెట్టుకుంటే సగంలో మళ్లీ అదే జరిగింది. జనం దుప్పట్లు దులుపుకుని లేచిపోతున్నారు. నాన్నకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ మామ మీద విరుచుకుపడ్డాడు. “నీ చేతులల్లనే ఉన్నది దరిద్రం. ఇగ నా మిషిన్ ముట్టకు” అన్నాడు. మామ డోలు భుజానికెత్తుకుని బస్టాండు వైపు నడిచాడు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. అమ్మ ఫోన్ చేస్తే “మంచిగున్నవా అక్కా” అని అడిగి పెట్టేసేవాడు. మొగుడికీ తమ్ముడికీ మధ్య నలిగిపోతూ అమ్మ ఎవరినీ ఏమీ అనలేకపోయింది.

నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. వికారాబాద్‌లో ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేసే చోట పనిచేస్తాను. అయినా ఆ ఆంప్లిఫయర్ నాకు చూపించాలని నాన్నకు తోచలేదు. కన్నకూతురి చేతికి ఇవ్వడం కంటే దుకాణంలో తిట్లు తినడమే ఆయనకు తేలికైంది. ఊరికి పోయినప్పుడు మూలన గొంగడి కప్పి ఉంటే నేనే అడక్కుండా తెచ్చుకున్నాను.

ఆదివారం మూత విప్పాను. కరెంటు నేరుగా ఇవ్వకుండా మధ్యలో ఒక బల్బు కలిపాను. లోపల షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, మిగతా సామాను కాలకుండా కాస్తుంది. బల్బు నిండుగా వెలిగింది. మీటరు పెట్టి చూస్తే ఒక వైపు పవర్ ట్రాన్సిస్టర్లు పోయాయి. కొత్తవి వేయడం పెద్ద పని కాదు. అవి ఎందుకు పోతున్నాయో చూడాలి.

ఆ ట్రాన్సిస్టర్లను ఒక పెద్ద అల్యూమినియం దిమ్మకు బిగిస్తారు. వాటి వేడిని ఆ దిమ్మ లాక్కుంటుంది. అదే దిమ్మకు ఇంకో చిన్న ట్రాన్సిస్టరు ఆనుకుని ఉండాలి. దిమ్మ ఎంత వేడెక్కిందో కనిపెట్టి కరెంటును అదుపులో పెట్టడం దాని పని. బాగున్న వైపు అది స్క్రూతో బిగించి ఉంది. కాలుతున్న వైపు స్క్రూ లేదు. ఆ చిన్నది దిమ్మకు దూరంగా గాలిలో వేలాడుతోంది. రిపేరులో విప్పినవాడు తిరిగి బిగించలేదు. దిమ్మ మండిపోతున్నా దానికి తెలియదు. వేడికి కరెంటు పెరుగుతుంది, కరెంటుకు వేడి పెరుగుతుంది. గొంతులు లేచి, దిమ్మ బాగా వేడెక్కాక కాలిపోతుంది. మామ వైర్లకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క స్క్రూ బిగించడానికి బద్ధకించినవాడు, ఆ తప్పును తీసుకెళ్లి ఎదురుగా ఉన్న గొంగడి మనిషి నెత్తిన పెట్టాడు. గొంగడి మనిషి దాన్ని బావమరిది నెత్తిన పెట్టాడు.

మంచి ట్రాన్సిస్టర్లు వేసి, చిన్నదానికి వేడి లాగే పేస్టు పూసి దిమ్మకు బిగించాను. ఈసారి బల్బు ఒక్కసారి వెలిగి సన్నగిల్లింది. బల్బు తీసేసి, స్పీకరు కలిపి మధ్యాహ్నమంతా మోగించాను. దిమ్మ మీద చేయి ఆనించగలిగాను.

సెలవు దొరికిన రోజు దాన్ని రైల్లో తాండూరు తీసుకెళ్లి, నాన్నను స్టేషనుకు పిలిచి, ఇద్దరం ఆ దుకాణానికి పోయాం. మూత తీసి చూపించాను.

“గీ స్క్రూ మీరు ఇప్పిన్రు, మళ్ల బిగించలే. గందుకే కాలింది” అన్నాను.

అతను నా వైపు చూడనే లేదు. “ఏం పెద్దమనిషి, బిడ్డను తోలుకొచ్చి పంచాయితీ పెడ్తున్నవా? బాగైంది గదా, తీస్కపో” అని నాన్నతో అన్నాడు.

“మా మామ వైర్లు తప్పు కలిపిండని అన్నరు. గా మాట తప్పని చెప్పున్రి.”

“ఎన్నో అంటం. గవన్నీ యాదికుంటయా?”

అప్పుడే బట్టల నిండా బండల దుమ్ముతో ఒకాయన కాలిపోయిన మిక్సీ పట్టుకుని వచ్చాడు. దుకాణం అతను దాన్ని విప్పకుండానే, “మీకు సరిగ వాడరాదు” అన్నాడు. నేనుండబట్టలేక, “జర ఇప్పి చూసినంక చెప్పున్రి” అన్నాను. మిక్సీ ఆయన నా వంకా అతని వంకా చూసి, మిక్సీని చంకలోకి తీసుకున్నాడు.

బయటికొచ్చాక నాన్న, “ధారూర్ బండి ఎప్పుడున్నది బిడ్డా?” అని అడిగాడు.

మేం వెళ్లేసరికి మామ వాకిట్లో మేకలకు ఆకుల మండలు కడుతున్నాడు.

“తప్పు నీది కాదు. బిడ్డ ఇప్పి చూసింది” అన్నాడు నాన్న.

మామ తాడు ముడి వేసి, అప్పుడు మాట్లాడాడు. “నాది కాదని నాకు ఎర్కలేదా బావా? నా డోలు మీద గన్నేండ్లు కథ చెప్పినవ్. దుకాణపోడు అనంగనే నమ్మితివి. నన్నొక్కసారి అడుగకపోతివి.”

నాన్న మట్టి మీదే కూర్చుండిపోయాడు. కాసేపటికి మామ లోపలికి తిరిగి చాయ్ పెట్టమని అత్తకు చెప్పాడు.

మామ మళ్లీ డోలు వాయిస్తున్నాడు. వైర్లు మాత్రం ముట్టడు. నాన్నే వంగి, కళ్లద్దాలు జారిపోతుంటే ఎర్రది ఎటో నల్లది ఎటో వెతుక్కుంటాడు. సాయం చేయమని అడగడు, మామ చేయడు. ఆంప్లిఫయర్ ఇప్పటిదాకా కాలలేదు.