మా తాత కట్టిన ఆఖరి పురి

మా చిన్నప్పుడు... కుప్పనూర్పిళ్ళు అయ్యాయంటే చాలు, ఆసామి రాఘవయ్య గారి దొడ్లో నన్ను వడ్ల మధ్యకు దింపేవారు. నిజంగానే... రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తి, పురిలోకి దించేవాడు మా తాత.

పురి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కదా... వరిగడ్డిని తాడులా పేనేవారు. దాన్ని వెంటి అంటారు. ఆ వెంటిని గుండ్రంగా చుట్టుకుంటూ, మధ్యలో వడ్లు పోసుకుంటూ పైకి లేపేవారు. మేకు లేదు, గుంజ లేదు... గడ్డి బిగింపు మీదే ఒక ఇంటి ఏడాది తిండి నిలబడేది. లోపల వడ్లను కాళ్ళతో తొక్కి సర్దడానికి తేలికపాటి పిల్ల కావాలి. ఆ పిల్లను నేను. వడ్లు పెరిగేకొద్దీ నేనూ పైకి వచ్చేదాన్ని. అబ్బో, అప్పటి నా గర్వం చూడాలి!

మా తాత పేరు ఏసోబు. బందరు కాలవ పక్కన మా పేట. సెంటు భూమి లేదు మాకు. అయినా చుట్టుపక్కల ఎవరింట పురి లేవాలన్నా తాతకు కబురు రావాల్సిందే. ఏసోబు చుట్టిన పురికి వాన దిగదు, ఎలక దూరదు అనేవారు. మిగతా ఏడాదంతా కూలివాడే గానీ, నూర్పిళ్ళ రోజుల్లో ఆయన నడకే వేరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాఘవయ్య గారి అరుగు మీద రేడియోలో హరిత విప్లవం అనే మాట వినపడడం మొదలైంది. ఢిల్లీలో ఎవరో పెద్దలు మాట్లాడేవారు. దేశానికి ఇక తిండి కరువు ఉండదట... మా పేటలో ఎవరికీ ఒక పట్టాన అర్థం కాలేదు. విప్లవం అంటే జెండాలు, కర్రలు, ఊరేగింపులు అనుకున్నాం. మా ఊరికి అది గోనెసంచిలో విత్తనాలై వచ్చింది. మొక్క కాస్త ఎదిగి ఆగిపోయేది. కంకులు మాత్రం బరువుకు వాలిపోయేవి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి... ఆ వడ్లే మా కడుపులు నింపాయి. అంతకుముందు శ్రావణం వచ్చిందంటే మా ఇంట్లో నూకల జావే. కొత్త రకం వచ్చాక అన్నం వండని రోజు లేదు. మా అమ్మ ప్రార్థనలో ఆ విత్తనాన్ని కూడా తలుచుకునేది. అందుకే దాన్ని నోరారా తిట్టలేను నేను.

ఆ ఏడు రాఘవయ్య గారి కళ్ళం చూసి ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. అన్ని వడ్లు!

"ఏసోబూ, రెండు పురులొద్దు. ఒక్కటే లేపు. కాలవగట్టు మీద పొయ్యేవాడు ఆగి చూడాలి" అన్నారాయన.

తాత గడ్డి చేతిలోకి తీసుకుని చూశాడు. "పొట్టి గడ్డండీ... అతుకులెక్కువ పడతయ్యి."

"నీ చేతికి పొట్టేంటి, పొడుగేంటయ్యా!"

తాతకు ఆ పొగడ్త తీపే. వెంటి కాస్త లావుగా పేనితే సరిపోతుందనుకున్నాడు పాపం.

పురి ఎన్నడూ లేనంత ఎత్తు లేచింది. పైన నిలబడితే నాకు కాలవలో పోతున్న పడవ కనపడింది. "తాతా, పడవ!" అని అరిచానో లేదో... కింద ఎక్కడో వెంటి పటుక్కుమంది. కాళ్ళ కింద వడ్లు కదిలాయి. మోకాళ్ళు, నడుము, రొమ్ము దాకా కూరుకుపోయాను... అరుద్దామని నోరు తెరిస్తే నోటినిండా వడ్లే.

బయట జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. తాత కొడవలి అందుకుని, తను చుట్టిన పురిని తనే కోశాడట. ప్రభువా, ప్రభువా అని ఏడుస్తూ, పై నుంచి కింద దాకా ఎక్కడపడితే అక్కడ కోశాడట. వడ్లన్నీ దొడ్లోకి జారిపోయాయి. వాటితోపాటు నేనూ వచ్చి పడ్డాను.

రాఘవయ్య గారు మంచి మనిషే. "వడ్లదేముంది, ఎత్తుకుంటాం. పిల్ల దక్కింది, అది చాలు" అన్నారు. తాత పక్కన కూర్చుని, "నీ తప్పేం లేదయ్యా. గడ్డి అట్టాంటిది. ఎత్తుగా లేపమంది కూడా నేనేగా" అన్నారు.

తాత తల ఎత్తలేదు. "పిల్లని దింపింది గడ్డి కాదు కదండీ... నేను" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ వెంటి ముట్టలేదు. ఎన్ని ఊళ్ళ నుంచి కబుర్లొచ్చినా కదల్లేదు. "నాకేం కాలేదుగా తాతా, ఈసారీ నేనే దిగుతాలే" అని బతిమాలాను. నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చున్నాడు. తన చేతుల మీద ఆయనకు నమ్మకం పోయింది. ఆ చేతులే నన్ను బతికించాయని ఎవరు చెప్పినా చెవికెక్కలేదు.

మరుసటి ఏడు రాఘవయ్య గారి దొడ్లో పురి ఊసే లేదు. గోనెలొచ్చాయి, బెజవాడ మిల్లు నుంచి లారీ వచ్చింది. తాత అందరితోపాటు బస్తాలు మోయడానికి వెళ్ళాడు. వెనక నేనూ వెళ్ళాను. మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది... పురికి మూత వేశాక, ఆ ఇంటి ఇల్లాలు దోసెడు వడ్లు తెచ్చి కట్టినవాడి తువాల్లో పోసేది. ఆ రోజు ఆఖరి బస్తా ఎక్కించాక, అలవాటు ప్రాణం... తాత భుజం మీది తువాలు తీసి రెండు చేతుల మీద పరుచుకుని నిలబడ్డాడు. లారీ కదిలి వెళ్ళిపోయింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది ఆయనకు... తువాలు దులిపి భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టాడు.

ఇప్పుడు బెజవాడ పటమటలో మా గుమ్మం ముందుకే బియ్యం బస్తా వస్తుంది. పొలంలో యంత్రమే కోసి, నూర్చి ఇస్తోంది. ఆకలి తీరింది, అంతకన్నా ఏం కావాలి అంటారు మా పిల్లలు. నిజమే... కానీ ముద్ద కలిపినప్పుడల్లా, ఖాళీ తువాలుతో నిలబడ్డ మనిషి కళ్ళలో మెదులుతాడు నాకు.

మీ ఊళ్ళో పురులు కట్టిన చేతులు ఎవరివి? పేర్లు గుర్తుంటే కింద రాయండి... మా తాత పేరు పక్కన వాళ్ళ పేర్లు కూడా చదువుకోవాలని ఉంది.