చివరి భూములకు చానెల్ అందలేదు

మా ఊరు కాలువకు చిట్టచివర ఉంది. కుడి కాలువకు నీళ్లు వదిలారని పేపర్లో చదివాక, ఆ నీళ్లు మా పొలాలకు చేరేలోపు ఆ పేపర్లోనే బజ్జీలు పొట్లం కట్టించుకుని తినేసి ఉండేవాళ్లం. పైనున్న ప్రతి ఊరివాళ్లూ తూము దగ్గర గడ్డిమోపో, బండరాయో, మరీ అవసరమైతే ఒక మనిషినో అడ్డం పెట్టి, తమ చేలు తడిశాక మిగిలిన తడిని మాకు వదిలేవారు. అందుకని మా ఊళ్లో పుట్టినవాడికి మాటలు వచ్చేలోపే ఒక జ్ఞానం వస్తుంది: ఏదైనా మనదాకా రాలేదంటే, పైన ఎవడో కట్టేశాడు. నేను ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. మిగతా సగం చదివినవాళ్లకు ఇంతకన్నా గొప్ప సంగతి ఏదైనా తెలిసినట్టు నాకెప్పుడూ కనపడలేదు.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ఆ ఏడు మిరప బాగా పండింది. కొంటానన్న వ్యాపారి మాత్రం తొడిమ తీసిన కాయైతేనే తీసుకుంటానన్నాడు. అంటే కల్లంలో నా ఎత్తున పోసిన ఎర్రటి కుప్పలోంచి ఒక్కొక్క కాయనే పట్టుకుని, తొడిమ తుంచి, తెల్లబారిన తాలుకాయను పక్కన పడేసి, మంచికాయను టిక్కీల్లోకి తొక్కాలి. మిర్చి బస్తాను మా దగ్గర టిక్కీ అంటారు. ఇదంతా వాన పడకముందే జరగాలి. వేసవి మొదట్లో దారితప్పి వచ్చే వాన ఒక్కటి తగిలితే చాలు, కాయ నల్లబడి, బూజు పట్టి, ఏడాది కష్టమంతా ఎరువు గుంటకు పోతుంది. కుప్ప మీద పట్ట కప్పుకోవచ్చు గానీ, పట్ట కింద కాయ ఉడుకుతుంది. పట్ట తీస్తే తడుస్తుంది. మిరప రైతుకు దేవుడిచ్చిన వెసులుబాటు అంతవరకే.

తొడిమలు తీసేది ఆడవాళ్లు. వాళ్లది ఒక ముఠా, దానికి ఒక మేస్త్రమ్మ. ఊరి వరసన ఆమె నాకు అత్త. పని ఎవరి కల్లంలో అన్నది కూలిని బట్టి తేలేది కాదు, కూలి అందరిదీ ఒకటే. టీవీని బట్టి తేలేది. మధ్యాహ్నం రెండింటికి ఒక సీరియల్ వచ్చేది. ఆ వేళకు కల్లం ముందు టీవీ మోగకపోతే ముఠా ఆ గడప తొక్కేది కాదు. అందుకని తొడిమల కాలం రాగానే ప్రతి రైతూ ఇంట్లో టీవీని వసారాలోకి మోసుకొచ్చి, బల్ల మీద కల్లం వైపు తిప్పి పెట్టేవాడు. మా ఇంట్లోవాళ్లం టీవీని వెనక నుంచి చూసేవాళ్లం. దాని వీపు మీద కన్నాలన్నీ నాకు కంఠతా వచ్చు.

ఒకరోజు రెండింటికి టీవీ పెడితే తెరంతా చుక్కలు. పక్క చానెళ్లన్నీ వస్తున్నాయి, ఆ ఒక్కటే లేదు. ఆడవాళ్లు పదిహేనుమంది చేతులు ఆపి నా వంక చూశారు, పెళ్లిలో పప్పు అయిపోయినప్పుడు వంటవాడి వంక చూసినట్టు.

నేను మా నీటి సంఘం ప్రెసిడెంటు దగ్గరకు పరుగెత్తాను. కేబులు పోతే నీటి సంఘానికేం పని అని మీరు అడగవచ్చు. మా ఊళ్లో ఎవరూ అడగలేదు. ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని తీగ వంక చూసి, పైన కట్టేశారన్నాడు. ట్రాక్టరు తీయించాడు. తీగ వెంబడే బయల్దేరాం. కాలువగట్టు మీద తూములు చూసుకుంటూ పోయే అలవాటు కదా, ప్రతి స్తంభం దగ్గరా ఆగి, ఎవడన్నా తీగకు ముడి వేశాడేమోనని కింద నుంచి చూశాడు. పై ఊళ్లో పోట్లాటకు దిగబోతే, వాళ్లకూ చుక్కలే. ఆ పై ఊళ్లో జనం కర్రలతో ఎదురొచ్చారు. వాళ్లూ పైవాడి మీదకు పోతున్నారట. అట్లా ఊరూరా మనిషిని ఎక్కించుకుంటూ, జాతరలాగా ఒంగోలు చేరాం.

అక్కడ కేబులు కంపెనీ ఆఫీసులో మెడలో టై కట్టుకున్న అబ్బాయి ఒకడు ఓపికగా చెప్పాడు. కట్టేసింది ఎవరో కాదు, వీళ్లే. చానెల్‌ను ఊళ్లకు చేర్చినందుకు చానెల్‌వాళ్లు ఏటా వీళ్లకు ఇంతని కట్టాలట. ఈసారి కట్టేది లేదన్నారట. ఇరుపక్షాల మధ్యా చర్చలు సాగుతున్నాయట.

మా ప్రెసిడెంటు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అంటే బాబూ, కాలువ నీళ్లు మోసుకుపోతున్నందుకు డ్యామే కాలువకు శిస్తు కట్టాలా?"

"అంతేనండి."

"మరి రైతు కట్టేది?"

"అది వేరేగా మామూలేనండి. మీరు నెలనెలా కడుతున్నారుగా."

మా ప్రెసిడెంటు తలకు చుట్టిన తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు వైపుల నుంచీ శిస్తు వసూలు చేసే కాలువ ఒకటి భూమ్మీద ఉందని, దానికి తాను ప్రెసిడెంటు కాలేకపోయానని ఆయన ముఖంలో చదువుకోవచ్చు. తిరుగుదారంతా ఆ కంపెనీని మెచ్చుకుంటూనే వచ్చాడు.

ప్రెసిడెంటు జ్ఞానంతో తిరిగొచ్చాడు, నేను ఉత్త చేతులతో. మేస్త్రమ్మ అంతా విని తేల్చేసింది. వాగు అవతలి ఊరికి గుంటూరు వైపు కేబులు, అక్కడ బొమ్మ చక్కగా వస్తోంది. అక్కడా ఒక రైతు తొడిమలకు పిలుస్తున్నాడు. రేపటి నుంచి అటే పోతామంది. పడమట మబ్బు తట్టెడంత లేచింది. కుప్పలో నాలుగోవంతు కూడా అవలేదు. నోరు తప్ప నా దగ్గర ఇంకేం మిగల్లేదు కాబట్టి దాన్నే తెరిచాను.

"అత్తా, మీరు వాగు దాటడం ఎందుకు? నేనే రోజూ దాటి చూసొస్తా. వచ్చి మీకు పూస గుచ్చినట్టు చెబుతా. మీరు మాత్రం ఇక్కడ కూర్చోండి."

"నువ్వు చెబితే బొమ్మ కనపడద్దా అల్లుడూ?"

"నా మొహం కనపడద్ది."

"అది ఎటూ ఉన్న కష్టమేలే," అంది. కానీ ఒక్కరోజు చూద్దామని ఒప్పుకుంది.

మర్నాడు మోపెడ్ మీద వాగు దాటి, మా తోడల్లుడి ఇంట్లో కూర్చుని సీరియల్ మొత్తం చూశాను. నేను దాన్ని ముందువైపు నుంచి చూడటం అదే మొదలు. వచ్చి చెప్పాను. పెద్దకోడలు వంటింట్లో నిలబడి ఉంది. అత్తగారు వచ్చి చూసింది. ఆకాశం మూడుసార్లు ఉరిమింది. పెద్దకోడలు ఏడ్చింది. అంతే.

చెప్పడం ఒక్క తొడిమ తీసేలోపు అయిపోయింది. ఆడవాళ్లు ఇంకా వింటున్నారు. మిగతాది ఏదని అడిగారు. మిగతాది లేదంటే నమ్మలేదు. అరగంట కథలో ఇంతేనా, దార్లో ఎక్కడ పారబోసి వచ్చావని మేస్త్రమ్మ నిలదీసింది. నిజం చెబితే వాగు దాటిపోయేట్టున్నారు. దాంతో ఉన్నపళాన పెద్దకోడలిని వంటింట్లోంచి బయటకు నడిపించాను. నడిచి ఎక్కడికి పోయిందంటారా, అది రేపు అన్నాను.

ఆ రోజు నుంచి కథ నా చేతిలో పడింది. మొదట కొంత చూసి కొంత కలిపేవాణ్ణి. తర్వాత మోపెడ్ పంక్చరయింది. పంక్చరు వేయించడం కన్నా కథ అల్లడం తేలికని ఆ రోజే తెలిసింది. వాగు దాకా నడిచి, తుమ్మచెట్టు నీడలో కునుకు తీసి, వచ్చి చెప్పేవాణ్ణి.

కథ చెప్పడంలో శాస్త్రం ఏదైనా ఉంటే నాకు ఆ కుప్పే నేర్పింది. మొదట్లో ఒకసారి, సీరియల్‌లాగే ఉంటుందని, పెద్దకోడలి తండ్రిని చంపాను. ఒకావిడ కంట్లో నీళ్లు తిరిగాయి. మిరపకాయలు పట్టిన చేత్తో తుడుచుకుంది. ఇక చూడండి. ఆమె కేక పెట్టింది, పట్టుకోబోయిన పక్కావిడ కూడా ముఖం తుడుచుకుంది, కాసేపటికి ముఠా సగం తొట్టి చుట్టూ మూగి కళ్లలో నీళ్లు కొట్టుకుంటోంది. ఆ పూట టిక్కీ నిండలేదు. మర్నాడు తండ్రిని బతికించాను, పోయింది ఆయన కాదు, ఆయన తమ్ముడు, వాడు మంచివాడు కాదు. అప్పటి నుంచి నా కథలో చావులు నిషేధం. నవ్వు వస్తే చేతులు చకచకా ఆడతాయి. తర్వాత ఏమైందన్న ఆత్రం ఉంటే ఇంకా వేగం. అందుకని పెద్దకోడలు ఒంగోల్లో అద్దెకు గది తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. ఇంటి దగ్గర అత్తగారికి అన్నం వండుకోవడం రాక, పొయ్యి దగ్గర కూర్చుని కుక్కర్‌ను బతిమాలుకుంటోంది. ఆ అన్నం రోజుకో రకంగా మాడేది. టీవీ ఉన్నప్పుడు కళ్లు తెర మీద, తొడిమలు కాయ మీదే ఉండిపోయేవి. ఇప్పుడు కళ్లు కాయ మీద, చెవులు నా మీద. కుప్ప కరిగిపోతోంది.

సగం దాటాక ఒక మధ్యాహ్నం గాలి మారింది. పడమట మబ్బు ఈసారి తట్టెడు కాదు, బండెడు. ఇవాళా రేపూ గట్టిగా కూర్చుంటే అయిపోతుంది. ఇంకో కబురంటూ గొంతు సవరించుకున్నాను. మేస్త్రమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. ఆమెను చూసి అందరూ పెట్టేశారు.

"అల్లుడూ, ఆ చానెలోడు కేబులోడికి కట్టాలన్నావు గదా, కథ జనం దాకా చేర్చినందుకు?"

"అవునత్తా. వాళ్ల గొడవ మనకెందుకు?"

"ఇన్నాళ్లూ నీ కథ మా చెవుల్లో మోస్తన్నాం. ఇంటికి పోయి మొగుళ్లకు చెప్తన్నాం. ఊరంతా చేరింది. మరి మాకేం కడతావు?"

కథ నాది, గొంతు నాది, వినేవాళ్లే నాకివ్వాలని వాదించాను. ఆమె చాలా శాంతంగా, ఒంగోలు టై అబ్బాయి కన్నా ఓపికగా, అట్లయితే కథ వేరే ఊరికి చేర్చుకోమంది. పక్కావిడ అంతా విని, చర్చలు జరుగుతున్నాయా అని అడిగింది. ఎక్కడో ఉరిమింది, సీరియల్‌లోలాగా మూడుసార్లు కాదుగానీ, ఒక్కసారే, నిజంగా. పెద్ద కంపెనీలకు నెలలు పట్టే చర్చలు నేను ముగించడానికి ఆ ఒక్క ఉరుము చాలింది. మనిషికి చేటెడు మంచికాయ, తొడిమ తీసిందే, కూలి కాక. ఒప్పుకున్నాను. కాయలు మళ్లీ చేతుల్లోకి వచ్చాయి. అత్తగారి కుక్కర్ ఆ రోజు పేలిపోయింది.

మర్నాడు పొద్దుగూకక ముందే ఆఖరి టిక్కీ నోరు కుట్టాం. మొగవాళ్లం మోసుకెళ్లి ఇంటి నడవలో పేర్చాం. ఆడవాళ్లు చేటలు కొలుచుకున్నారు. కొలతలో నావైపు న్యాయం ఏమాత్రం జరగలేదు, చేటలు వాళ్లవే. వాన మొదలైంది. అకాలవానలా కాదు, మా మీద పాత కక్ష ఏదో ఉన్నట్టు కురిసింది. ఖాళీ కల్లం మీద ఎర్రటి నీళ్లు పారుతుంటే అందరం వసారాలోకి ఎక్కి నిలబడ్డాం. మా ఇంటామె ఊరికే టీవీ పెట్టింది. చుక్కలు లేవు. ఒంగోల్లో రాజీ కుదిరినట్టుంది. మధ్యాహ్నం భాగాన్ని సాయంత్రం మళ్లీ వేస్తున్నారు.

తెర మీద వంటిల్లు. అందులో పెద్దకోడలు, అదే చీరలాంటి ఇంకో చీరలో నిలబడి ఉంది. అత్తగారు వచ్చి చూసింది. ఉరిమింది. పెద్దకోడలు ఏడ్చింది.

కుట్టుమిషను లేదు, ఒంగోలు లేదు. ముఠా మొత్తం మెల్లగా నా వైపు తిరిగింది. చేటలు వాళ్ల నడుముల మీద ఉన్నాయి. నేను వాన వంక చూస్తూ, ఎంత ముఖ్యమైన వానో అన్నట్టు నిలబడ్డాను.

మేస్త్రమ్మ మాత్రం తెరనే చూస్తోంది. చాలాసేపు చూసి, చీర చెంగు నెత్తి మీదకు లాక్కుంది.

"వీళ్లింకా వెనకనే ఉన్నారే పాపం," అంది. "పదండి, వాన తగ్గింది."