వంపులో ఆగని బండి

ఆ ఉదయం ఆఫ్రినల్ తన మేనమామను చూశాడా, లేదా? సిటింజావ్ కొండమీది టీకొట్టులో ఈ ప్రశ్న ఎన్నిసార్లు లేచిందో అన్నిసార్లూ జవాబు లేకుండానే కూలబడింది. చూశాడని కొట్టు నడిపే ఎలిమర్ అంటుంది. చూడలేదని ఆ రోజు బండి పక్కన నడిచిన జమారిస్ అంటాడు. అసలు చెప్పవలసిన మేనమామ మర్దియుస్ మాత్రం ఇంకో టీ పొయ్యమంటాడు.

మర్దియుస్ ముప్ఫై రెండేళ్ళు లారీ తోలినవాడు. పడాంగ్‌లో సిమెంటు బస్తాలు ఎత్తుకుని, ఈ కొండెక్కి, సోలోక్ మీదుగా రెండు రోజులు నడిపి జాంబిలో దించేవాడు. ఒంట్లో షుగరు చేరింది, కళ్ళకు పొర కమ్మింది, కోయించుకున్నా చూపు సగమే తిరిగొచ్చింది. ఎదురుగా వస్తున్న బండి ఒకటో రెండో తేల్చుకోలేకపోయిన రోజున తాళంచెవి తీసుకెళ్ళి ఓనరు బల్లమీద పెట్టేశాడు. ఎవరూ అడగలేదు, ఆయనే పెట్టేశాడు.

ఆ తర్వాత చేతికి వచ్చింది అడ్డుచెక్క. భార్య ఎలిమర్ నడిపే టీకొట్టు ముందే కొండ మొత్తానికీ చెడ్డ వంపు ఉంది. చేతిగాజులా తిరుగుతుంది, తిరుగుతూనే పైకి లేస్తుంది. లోడు బండి ఎక్కాలంటే రోడ్డంతా దానికే కావాలి. పైనుంచి దిగేవాళ్ళను పైనే ఆపేస్తారు. బండి వెనక చక్రం పక్కన ఒక మనిషి రబ్బరు చెట్టు కర్రతో చేసిన ముక్కోణపు చెక్క పట్టుకుని నడుస్తాడు. బండి ఆగిందా, చెక్క చక్రం వెనక దూర్చి బాడీమీద రెండు దెబ్బలు కొడతాడు. అంటే పడ్డది, ఇక భయం లేదని. మర్దియుసూ జమారిసూ వంతులవారీగా ఆ పని చేసేవారు. కళ్ళు సగం పోయినా చెవులున్నాయి కదా అనేవాడు మర్దియుస్. రెండు వంపుల కింద వచ్చే బండి ఎవరిదో, ఎంత లోడుందో ఇంజను చప్పుడు వినే చెప్పేవాడు.

తను వదిలిన బండి మేనల్లుడికే ఇవ్వమని ఓనరును ఒప్పించింది ఆయనే. మా ఇళ్ళలో పిల్లవాడు బాగుపడినా చెడిపోయినా జనం మొదట అడిగేది మేనమామనే. ఆఫ్రినల్‌కి ఇరవై ఆరేళ్ళు, మర్దియుస్ చెల్లెలి కొడుకు. అంతకుముందు ఊళ్ళో ఇటుకల వ్యాను తోలేవాడు. చెక్క పట్టకముందు మర్దియుస్ ఏడాదిన్నర అతని పక్కన కూర్చుని నేర్పాడు. కొండ ఎక్కేటప్పుడు గేరు దించవలసిన చోట "ఊఁ" అనేవాడు. ఆఫ్రినల్ దించేవాడు. ఒక్కసారీ తప్పలేదు. చెల్లెలితో, వాడు పుట్టు డ్రైవరమ్మా అని చెప్పుకున్నాడు కూడా.

ఆఫ్రినల్ ఒంటరిగా ఎక్కిన మొదటి రోజున చక్రం పక్కన నడిచే వంతు మర్దియుస్‌దే పడింది. ముప్ఫై టన్నుల లోడు, సన్నటి తుంపర. బండి వంపులోకి బాగానే వచ్చింది. సగం తిరిగింది. గేరు దించవలసిన చోట ఆఫ్రినల్ తల బయటపెట్టి మామ వైపు చూశాడు. చూస్తూనే క్లచ్ తొక్కాడు. గేరు పడలేదు. ఇంజను ఆగి, బండి బారెడు వెనక్కి జారింది. మర్దియుస్ చెక్క దూర్చి బాడీమీద రెండు దెబ్బలు కొట్టాడు.

గంటన్నర పట్టింది. పైనుంచి ఇంకో లారీని వెనక్కి తెచ్చి ఇనుపతాడు కట్టి లాగించారు. ఈలోగా అటు సోలోక్ వైపు, ఇటు పడాంగ్ వైపు బళ్ళు బారులు తీరాయి. ఒక బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "మర్దియుస్ అన్నా, మేనల్లుడికి స్టీరింగిచ్చావా, ఉయ్యాలిచ్చావా?" అన్నాడు. జనం నవ్వారు. మర్దియుస్ కూడా నవ్వాడు, నవ్వకపోతే ఇంకా నాలుగు మాటలు పడతాయని. సాయంత్రానికి సంగతి ఓనరు చెవిన పడింది. ఇంకొక్కసారి వంపులో ఆగితే తాళంచెవి వేరేవాడికిస్తానని కబురొచ్చింది.

ఆరో రోజున ఆఫ్రినల్ ఖాళీ బండితో తిరిగొచ్చి కొట్టు పక్క చదునులో ఆపాడు. మనిషి సగమయ్యాడు. ఎలిమర్ గుడ్డుసొన గిలకొట్టిన టీ ఇచ్చి కూర్చోబెట్టింది. దారి కష్టాలన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. బుంగో ఊరు దాటాక టార్పాలిన్ తాడు వదులై, వానలో బండి పైకెక్కి మళ్ళీ కట్టుకున్నాడట. పక్కన మామ లేడని కనిపెట్టి ఒక పూటకూళ్ళాయన నిన్నటి కూర వడ్డించాడట. కాబిన్‌లో పడుకుంటే నిద్రలో కూడా కాలు బ్రేకు వెతుక్కునేదట. మాట్లాడే మనిషి లేక టైర్లను కర్రతో కొట్టి చూసేటప్పుడు వాటితోనే మాట్లాడేవాడట. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. ఎలిమర్ లోపలికెళ్ళాక మాత్రం నవ్వు ఆపేశాడు.

"మామా, ఆ రోజు ఇంజను దానంతటది ఆగలేదు. నేనే ఆపేశాను."

"తెలుసురా."

"నువ్వు కనపడ్డావు. ఊఁ అంటావేమోనని చూశాను."

 ఏడాదిన్నర తను నేర్పిందేమిటో మర్దియుస్‌కి అప్పుడు తెలిసింది. ఇంజను మాట వినడం నేర్పుతున్నాననుకున్నాడు. నేర్పింది తన మాట వినడం. ఆ "ఊఁ" పోయి వాడి చెవిలో కూర్చుంది, ఇంజనుకు చోటు లేకుండా. రేపు తాళంచెవి పోతే పోయేది వాడి తప్పుకు కాదు. చెల్లెలికి ఆ సంగతి ఎలా చెప్పడం?

తర్వాతి లోడు గురువారం. వంతు మళ్ళీ మర్దియుస్‌దే. ముందురోజే జమారిస్ దగ్గరికెళ్ళి, రేపు వాడి బండి పక్కన నువ్వు నడువు, నేను కనపడను అన్నాడు. జమారిస్ ఎందుకని అడగలేదు. ఎలిమర్ అడిగింది. చెప్పాక కూడా ఊరుకోలేదు.

"సొంత మేనల్లుణ్ణి చూసి దాక్కుంటావా, కోడిని ఎత్తుకొచ్చినవాడిలాగ?"

"కోడినైతే దర్జాగా ఎత్తుకొద్దును. నువ్వు అన్నం పొట్లం కట్టు, ఎండు మాంసం రెండు ముక్కలు ఎక్కువ వెయ్యి."

"ఎవరికిస్తావు? ఎక్కేవాడు ఆగకూడదంటివి కదా."

ఆ మాట నిజమే. అయినా కట్టమన్నాడు.

గురువారం పొద్దున్న మంచు ఇంకా విడలేదు. మర్దియుస్ కొట్టు పక్కన కట్టెలమోపుకీ నీళ్ళ డ్రమ్ముకీ మధ్య నిలబడ్డాడు. ఒక చేతిలో అన్నం పొట్లం, ఇంకో చేతిలో అడ్డుచెక్క. వంతు కాకపోయినా చెక్క వదల్లేకపోయాడు. అక్కణ్ణుంచి రోడ్డుకు పది అడుగులు. అవసరమైతే పరుగెత్తగలనని ముందే లెక్క చూసుకున్నాడు.

రెండు వంపుల కింద బండి వినిపించింది. పదకొండేళ్ళు తను తోలిన బండి. మూడో గేరు. లోడు కిందటిసారంతే. జమారిస్ అరిచి పైబళ్ళను ఆపించాడు. చప్పుడు దగ్గరైంది, బరువెక్కింది. బండి వంపులోకి ముక్కు పెట్టింది.

ఇంజను గొంతు దిగడం మొదలైంది. ఇదిగో ఇక్కడే. మర్దియుస్ గొంతులోకి "ఊఁ" దానంతటదే వచ్చింది. పళ్ళు బిగించి మింగేశాడు. ఎడమకాలు మాత్రం నేలను తొక్కింది.

గేరు పడలేదు.

ఆయన చెక్క పైకెత్తాడు. ఒక అడుగు వేశాడు. అప్పుడు, తను ఊఁ అనివుండే చోటుకు అరక్షణం తర్వాత, గేరు పడింది. మెత్తగా, చప్పుడు లేకుండా పడింది. ఇంజను ఒక్కసారి బుస్సుమని మళ్ళీ పట్టుకుంది. ఇంత లోడుకు అదే సరైన చోటని, తను ఇన్నాళ్ళూ కాస్త తొందరపడేవాడినని మర్దియుస్‌కి అర్థమైంది. ఆ సంగతి ముప్ఫై రెండేళ్ళలో ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పడానికి పక్కన ఎవరుండేవారు గనక?

బండి కొట్టు ముందునుంచి నడక వేగంతో ఎక్కుతోంది. కాబిన్ కట్టెలమోపు ఎదురుగా వచ్చింది. వేసిన ఆ ఒక్క అడుగు వెనక్కి వేయడం ఆయన మరిచిపోయాడు. సగం బయటే ఉన్నాడు. సగం చూపుకు ఆఫ్రినల్ ముఖం మంచులో మసకగా కనిపించింది. అది ఇటు తిరిగివుందో అటు తిరిగివుందో తెలియలేదు. జమారిస్ చక్రం పక్కన చెక్క ఊపుకుంటూ ఖాళీగా నడుస్తున్నాడు.

వంపు దాటిన డ్రైవర్లు, కింద చెక్క పట్టినవాళ్ళకు తెలిసేలా, పైన రెండుసార్లు హారన్ కొడతారు. మర్దియుస్ దానికోసం చెవులు రిక్కించాడు. బండి పైదాకా వెళ్ళింది, ఇంకో గేరు మారింది. ఈసారి ఆయన కాలు కదల్లేదు. భుజాలు దిగాయి.  చెక్క నేలమీద పెట్టి దానిమీదే కూర్చుని, పొట్లం విప్పుకుని తినడం మొదలుపెట్టాడు.

హారన్ మోగలేదు, మామను చూసినందుకో చూడనందుకో. బండి చప్పుడు సోలోక్ వైపు దిగి, మంచులో సన్నబడి, పోయింది.