నల్ల అంచు పోస్టుకార్డు

పొద్దున టీ తాగేలోపు ఒక పోస్టుకార్డు మీద సగం బొమ్మ గీసి, కింద రెండు లైన్ల కవిత రాయడం నాకు చాలా ఏళ్లు అలవాటుగా ఉండేది. సగమే ఎందుకంటే మిగతా సగం నాది కాదు, బూర్గంపాడులో ఉండే నా స్నేహితురాలిది. ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో ఇద్దరం ఒకే కాగితం మీద చెరో పక్క నుంచీ గీసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకునేవాళ్లం. తర్వాత ఆమెకు పెళ్లయి గోదావరి ఒడ్డుకి వెళ్లిపోయింది. నేను టేకులపల్లి దవాఖానాలో మందులిచ్చే ఉద్యోగంలో చేరాను. కాగితం పోయి పోస్టుకార్డు వచ్చింది, అంతే తేడా.

ఆమె నా కార్డుల మీద కుడిపక్క పూర్తిచేసి, కవితకు తన రెండు లైన్లు అతికించి, వారానికోసారి అన్నిటినీ ఒక కవర్లో పెట్టి తిరిగి పంపేది. నేను బస్సు ముందు సగం గీస్తే వెనక సగానికి మేక కాళ్లు పెట్టేది. ఒకసారి నేను "చెరువు గట్టున కొంగ, చేప కోసం కాదు నిలబడింది" అని గొప్పగా రాసి పంపాను. "కాళ్లు నొప్పులేమో పాపం, దానికీ వయసొచ్చింది గదా" అని పూర్తిచేసి పంపింది. ఆ రోజు మూతి ముడుచుకుని డ్యూటీకి వెళ్లాను. మధ్యాహ్నం మందుల కిటికీ దగ్గర గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వాను. ఆమె గీత నాకంటే బాగుంటుంది. నా బొమ్మలో చెట్టు ఉంటుంది, ఆమె బొమ్మలో చెట్టు కింద నిలబడ్డ మనిషికి ఎండ ఎంత తగులుతోందో కూడా ఉంటుంది.

మావారికి ఇదంతా వేళాకోళం. "ఫోటో తీసి వాట్సాప్‌ల పెట్టరాదు, జల్దీ పోతది" అనేవాడు. జల్దీ పోవడమే నాకు ఇష్టం లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కేది కాదు.

ఒక ఎండాకాలం మా ఊరి అవతల అడవి అంచున పోడు కోసం కాల్చిన చేను ఒకటి చూశాను. అంతా మసి. మధ్యలో ఒక ఇప్పచెట్టు మాత్రం ఒక పక్క కాలిపోయి, ఇంకో పక్క పచ్చగా నిలబడి ఉంది. అక్కడి బొగ్గు ముక్కే ఒకటి తెచ్చుకుని, మర్నాడు పొద్దున దానితోనే ఆ చెట్టును గీశాను. కాలిన పక్క నేను గీసి, పచ్చటి పక్క ఆమెకు వదిలేశాను. బొగ్గు రాలిపోకుండా పల్చటి గంజి చిలకరించాను. వేళ్లకంటిన మసి కార్డు అంచుకు తగిలింది. చెరిపితే ఇంకా పాడవుతుందని నాలుగు పక్కలా అదే మసి పూసేశాను. ఫ్రేము కట్టినట్టుందని మురిసిపోయి, డ్యూటీకి పోతూ పోస్టు డబ్బాలో వేశాను.

శుభలేఖకు పసుపు పూస్తాం. చావు కబురు మోసుకొచ్చే కార్డుకు నలుపు పూస్తారు. దాన్ని గడప దాటనివ్వరు, బయటే చదివి చించేస్తారు. ఫోన్లు వచ్చాక అట్లాంటి కార్డు రాసేవాళ్లు లేరు కాబట్టి నాకు ఆ ఊసే తట్టలేదు.

కార్డు దారిలో ఉండగానే, లైన్‌మన్‌గా పనిచేసే నా స్నేహితురాలి భర్త కరెంటు స్తంభం మీంచి పడ్డాడు. భద్రాచలంలో కుదరదంటే ఖమ్మం తీసుకుపోయి ఐసీయూలో పెట్టారు. నాకు ఇవేవీ తెలియవు. బట్టలు తీసుకుపోదామని ఆమె ఇంటికి వచ్చిన పూటే పోస్టుమన్ నా కార్డు పట్టుకొచ్చి వాకిట్లో ఉన్న అత్త చేతిలో పెట్టాడు. ఆ పెద్దామెకు చదువు రాదు. నల్ల అంచు మాత్రం కనిపించింది. కొడుకు ఐసీయూలో ఉన్నాడు. అట్లాంటి కబురు ఏదైనా ఉంటే కోడలి ఫోనుకు రాదా, కార్డు మీద వస్తుందా అని ఆలోచించే స్థితి కాదు. అక్కడే కూలబడి గుండెలు బాదుకుందట.

అతను బతికాడు. నెల తిరిగేసరికి ఇంటికి వచ్చాడు. కానీ ఆమె నాకు ఫోన్ చేసి, "మా అత్త నీ కార్డు చూసి ఏడ్చిందే. ఇగ పంపకు" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

నాకు ముక్కు మీద కోపం. మొదట నా మీద నాకే వచ్చింది. తర్వాత అత్త మీదికి మళ్లింది. కార్డుల మూలలకు పసుపు పూసి మరీ పంపాను, ఒక్కటీ తిరిగి రాలేదు. చదువురాని మనిషి భయానికి ఇంత మంచి చెయ్యి బలైపోయిందని మావారి దగ్గర ఎన్ని పొద్దులు సణిగానో. ఫోన్‌లో పిల్లల గురించి, ఎండల గురించి మాట్లాడుకునేవాళ్లం. బొమ్మల ఊసు ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. అట్లా ఏళ్లు గడిచిపోయాయి.

మొన్న భద్రాచలంలో ట్రైనింగ్ పడితే, అది అయ్యాక బూర్గంపాడు వెళ్లాను. అత్త కాళ్లు పట్టుకునైనా సరే, నా స్నేహితురాలి చేతికి మళ్లీ పెన్సిల్ ఇప్పించాలని పట్టుదలతో వెళ్లాను. ఆ పెద్దామె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను క్షమాపణ మొదలుపెట్టగానే పకపకా నవ్వింది.

"గా కార్డు సంగతా? అది ఎప్పుడో మర్చిపోయిన బిడ్డా. నా కొడుకు ఇంటికొచ్చినంక యాది చేసుకొని అందరం నవ్వుకున్నం. నీ కార్డులకు పసుపు అంటి వస్తే నేనే తీస్కపోయి దేవుని కాడ పెట్టిన. కోడల్ని అడుగుతనే ఉన్న, బొమ్మలేస్తలేవేందే అని. పలకది."

లోపల టీ పెడుతున్న నా స్నేహితురాలి దగ్గరికి వెళ్లి నిలదీశాను. మీ అత్త వద్దనలేదంట కదా, మరి ఎందుకు మానేశావని. ఆమె స్టవ్ తగ్గించింది. నా వైపు తిరగకుండానే చెప్పింది.

"మా అత్త వాకిట్ల కూలవడి ఏడుస్తాంది. కార్డు నా చేతిలకు తీసుకున్న. చూడంగనే నీ గీత గుర్తుపట్టిన. అది చావు కబురు కాదని నాకు తెలుసు. చెప్పాలె గదా. చెప్పలే."

"ఎందుకే?"

"ఆ కాలిన చెట్టు పక్కన ఏం గీయాల్నో ఠక్కున కనబడ్డది. మా అత్త కూర్చున్న తీరు. కొంగు నోట్ల కుక్కుకొని, ఒక చెయ్యి నేలకు ఆనించి... అట్లనే గీస్తే అతికినట్టు సరిపోతది అనుకున్న. కొడుకు చచ్చిపోయిండని ఆమె ఏడుస్తాంటే, నేను నిలబడి ఆమె వేళ్లు ఎట్ల వంగినయో చూస్తున్న. పక్కింటామె ఉరికొచ్చేదాక చూస్తనే ఉన్న." స్టవ్ కట్టేసింది. "గసొంటి బుద్ధి ఉన్న మనిషికి బొమ్మలెందుకే. భయమైంది నాకు."

ఇన్నేళ్లూ ఏమీ ఎరగని పెద్దామెను తిట్టుకున్నందుకు సిగ్గేసింది. దాని వెనకే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా నాన్న పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే, నేను ఆయన పాదాల బొటనవేళ్లు కలిపి కట్టిన గుడ్డపేలికనే చూస్తూ కూర్చున్నాను. ఆ ముడి ఎట్లా గీయాలా అని చూశాను. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా.

ఇప్పుడు చెప్పాను. ఆమె అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"నీక్కూడనా?" అంది. "నేనొక్కదాన్నే గిట్ల పుట్టిననుకున్న."

సంచిలోంచి పెన్సిల్ తీసి ఇస్తే పట్టుకుంది. రెండు గీతలు గీసింది. వంకరగా వచ్చాయి. మళ్లీ నా చేతిలో పెట్టేస్తూ, "చెయ్యి పోయిందే. గీ మాట నువ్వు అప్పుడే చెప్తే నేను బొమ్మలు మానకపోదును గదనే" అంది.